ఎర్ర గీత లేకపోతే మెయిల్ కరెక్టేనా? సంతకంలో స్పెల్ చెక్ వదిలేసేవి ఇవే!

ఉద్యోగానికి అప్లికేషన్, బ్యాంకుకు కంప్లైంట్, క్లయింట్‌కు కొటేషన్.. ఏ మెయిల్ అయినా పంపే ముందు చాలామంది చూసేది ఒక్కటే. పదాల కింద ఎర్ర గీతలు ఉన్నాయా, లేవా అని. లేకపోతే సెండ్ నొక్కేస్తారు. కింద కంపెనీ లోగో, హోదా, అడ్రస్, ఫోన్ నంబర్‌తో లెటర్‌హెడ్ లాంటి సంతకం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి మెయిల్ పక్కాగా ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్పెల్ చెక్ పట్టించుకోకుండా వదిలేసేవన్నీ.. పేర్లు, నంబర్లు, క్యాపిటల్ లెటర్లలో రాసిన పదాలు, బొమ్మలోని అక్షరాలు.. ఎక్కువగా ఉండేది ఆ సంతకంలోనే. మెయిల్ మధ్యలో తప్పు పడితే అది ఒక్కసారితో పోతుంది. సంతకంలో పడితే మాత్రం దిద్దేదాకా ప్రతి మెయిల్‌తోనూ వెళ్తూనే ఉంటుంది. పైగా సంతకం రోజూ టైప్ చేసేది కాదు కాబట్టి పంపేవాళ్ల కళ్లు కూడా అటు వెళ్లవు.

ఇంతకీ ఎర్ర గీత గీసేది ఎవరు?

జీమెయిలే గీస్తుందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ కాదు. ఫోన్‌లో టైప్ చేస్తుంటే ఆ పని ఎక్కువగా కీబోర్డ్‌ది. అంటే జీబోర్డ్ లాంటి యాప్‌ది. కంప్యూటర్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లకు సొంత స్పెల్ చెక్ ఉంది. దాని మీద జీమెయిల్ తన సొంత స్పెల్లింగ్, గ్రామర్ సూచనలు చూపిస్తుంది. అవుట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో అయితే పంపే ముందు మొత్తం మెయిల్‌ను ఒకసారి తనిఖీ చేసే ఆప్షన్ కూడా ఉంటుంది.

అందుకే ఆఫీసు కంప్యూటర్‌లో 'యాడ్ టు డిక్షనరీ' కొట్టిన ఇంటిపేరు, ఫోన్‌లో మళ్లీ తప్పుగానే కనిపిస్తుంది. డిక్షనరీలు వేర్వేరు. దేనికి దానికి విడిగా నేర్పాల్సిందే.

ఒకప్పుడు ఈ గందరగోళం ఇంకా ఎక్కువ ఉండేది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంటింటా వాడిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కు సొంత స్పెల్ చెక్ లేనే లేదు. కంప్యూటర్‌లో ఎంఎస్ ఆఫీస్ ఉంటే దాని డిక్షనరీని అరువు తెచ్చుకునేది. ఆఫీస్ 2007 వేసుకున్నాక చాలామందికి ఆ స్పెల్ చెక్ ఒక్క ఫ్రెంచ్‌లో తప్ప పనిచేయలేదు! కొత్త ఆఫీస్ డిక్షనరీలు పాత మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాకపోవడమే కారణం.

పదం ఉందా లేదా.. అంతే!

స్పెల్ చెక్ మూల సూత్రం పాతది, చాలా సింపుల్. టైప్ చేసిన పదం తన జాబితాలో ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే దానికి దగ్గరగా ఉన్న పదాలను సూచిస్తుంది. ఆ దగ్గర అన్నది ఎలా కొలవాలి? ఐబీఎంకు చెందిన ఫ్రెడ్ డామెరో 1964లోనే దీనిపై పేపర్ రాశారు. ఒక అక్షరం ఎక్కువ పడటం, ఒకటి తగ్గడం, ఒకటి మారిపోవడం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం.. స్పెల్లింగ్ తప్పుల్లో 80 శాతానికి పైగా ఈ నాలుగింట్లో ఏదో ఒకటేనని అందులో తేల్చారు. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో రాల్ఫ్ గోరిన్ రాసిన ప్రోగ్రామ్ నుంచి ఇప్పటి ఫోన్ల దాకా ఈ ఆలోచన నడుస్తూనే ఉంది.

అయితే తప్పు పడిన పదం కూడా డిక్షనరీలో ఉంటే? ఇంగ్లీషులో 'ఫ్రమ్' కొట్టబోయి 'ఫామ్' కొడితే రెండూ ఒకే నాలుగు అక్షరాలు. రెండూ సరైన పదాలే. 'నౌ' బదులు 'నాట్' పడిందనుకోండి. 'ఇప్పుడు రాగలను' అన్న మెయిల్ కాస్తా 'రాలేను' అయిపోతుంది. ఇంటర్వ్యూ పిలుపునకు ఇచ్చే జవాబులో ఇది జరిగితే ఉద్యోగమే పోవచ్చు. పదాలను మాత్రమే చూసే స్పెల్ చెక్ దీనికి ఒక్క గీత కూడా గీయదు. కొత్త గ్రామర్ చెకర్లు చుట్టూ ఉన్న వాక్యాన్ని చూసి కొన్నింటిని పట్టుకుంటున్నాయి. కానీ వాక్యం వ్యాకరణం ప్రకారం సరిగ్గానే ఉంటే అవీ ఏమీ చేయలేవు.

ఇంకో ప్రమాదం.. సూచించిన పదాన్ని చూడకుండా నొక్కేయడం. అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పే 'ఇన్‌కన్వీనియన్స్' స్పెల్లింగ్ బాగా తప్పితే, కొన్ని స్పెల్ చెకర్లు 'ఇన్‌కాంటినెన్స్' చూపించేవి. అంటే మూత్రం ఆపుకోలేకపోవడం! కస్టమర్లకు ఆ క్షమాపణ వెళ్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ అధికార పత్రాల్లోనే ఇలాంటిది జరిగింది. మధ్యలో చిన్న గీత లేకుండా రాసిన 'కోఆపరేషన్' అనే పదం అప్పటి డిక్షనరీల్లో లేదు. దాంతో స్పెల్ చెక్ దాన్ని యాపిల్ కంపెనీ ఉన్న ఊరు 'కుపర్టినో'గా మార్చింది. దేశాల మధ్య సహకారం అని రాయాల్సిన చోట ఒక ఊరి పేరు అచ్చయింది. ఈ తరహా పొరపాట్లకు ఇప్పటికీ 'కుపర్టినో ఎఫెక్ట్' అనే పేరుంది.

తెలుగు పేర్లకు ఈ బాధ రోజువారీదే. లక్ష్మి అనే పేరునే ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఏది సరైనదో ఆ మనిషికే తెలుసు, సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. గుర్తుపట్టని పేరును ఆటోకరెక్ట్ దగ్గర్లో ఉన్న ఇంగ్లీషు పదంగా మార్చేస్తుంది. కాబట్టి ఎవరికి రాస్తున్నారో ఆ పేరును వాళ్లు పంపిన మెయిల్‌లోని సంతకం నుంచే కాపీ చేసుకోవడం మంచిది. పేరు తప్పు రాస్తే కింద ఎంత గౌరవంగా రాసినా లాభం ఉండదు.

నంబర్లు, క్యాపిటల్ లెటర్లు.. అటు చూడనే చూడదు

వర్డ్‌లోనూ, డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లోనూ స్పెల్లింగ్ సెట్టింగ్స్‌లో రెండు టిక్ మార్కులు ముందే పెట్టి ఉంటాయి. ఒకటి, అన్నీ క్యాపిటల్ లెటర్లలో ఉన్న పదాలను వదిలేయడం. రెండు, అంకెలు కలిసిన పదాలను వదిలేయడం. మామూలుగా చూస్తే ఇవి ఉపయోగమే. లేకపోతే ప్రతి పొట్టి పేరు కిందా, ప్రతి బిల్లు నంబర్ కిందా గీతలే గీతలు.

కానీ లెటర్‌హెడ్‌లో కంపెనీ పేరు ఉండేది ఎక్కువగా క్యాపిటల్ లెటర్లలోనే. 'ప్రైవేట్', 'ఇండస్ట్రీస్', 'ఎంటర్‌ప్రైజెస్' లాంటి పదాల్లో ఒక అక్షరం ఎగిరిపోయినా గీత పడదు. ఇక మన దేశంలో వ్యాపార మెయిల్ అంటే కోడ్‌ల వరస. జీఎస్టీ నంబర్ 15 అక్షరాలు. కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే సిన్, 21 అక్షరాలు. పాన్ 10, ఐఎఫ్‌ఎస్‌సీ 11. వీటిలో ఒక్కదాన్ని కూడా స్పెల్ చెక్ చూడదు.

కొన్నింటిని మాత్రం మనమే కంటితో పట్టుకోవచ్చు. ఐఎఫ్‌ఎస్‌సీలో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఇంగ్లీషు 'ఓ' కొట్టేవాళ్లు చాలామంది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఏపీకి 37. ఆ తర్వాతి 10 అక్షరాలు సంస్థ పాన్ నంబరే. చివరి అక్షరం ముందున్న వాటిని బట్టి లెక్కకట్టే చెక్ డిజిట్. జీఎస్టీ పోర్టల్‌లో నంబర్ కొట్టి చూస్తే సంస్థ పేరు వస్తుంది. నిమిషం పని.

బిల్లులు పంపే చిన్న సంస్థలు మెయిల్ కింద బ్యాంక్ వివరాలు కూడా పెట్టేస్తుంటాయి. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఆ తర్వాత బ్రాంచీల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. పాత కోడ్ ఉన్న సంతకాన్ని అలాగే వదిలేస్తే డబ్బు పంపాల్సినవాళ్లకు ఇబ్బంది.

అడ్రస్ సంగతీ అంతే. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, తర్వాత 33కు చేరాయి. ఏపీలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అనకాపల్లి ఆఫీసు అడ్రస్‌లో ఇంకా విశాఖపట్నం జిల్లా అని, సిద్దిపేట అడ్రస్‌లో మెదక్ జిల్లా అని ఉంటే స్పెల్లింగ్ నూటికి నూరు శాతం కరెక్ట్. సమాచారమే తప్పు.

మెయిల్‌కు లెటర్‌హెడ్ ఎందుకు?

మొదట్లో సంతకాలు చాలా పొట్టిగా ఉండాలనేవారు. నెట్ మర్యాదలపై 1995 అక్టోబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం, సంతకం నాలుగు లైన్లు దాటకుండా చూసుకోమంది. అప్పట్లో నెట్ కనెక్షన్‌కు నిమిషాల లెక్కన బిల్లు పడేది కాబట్టి అది మర్యాదే కాదు, డబ్బుల విషయం కూడా. సంతకానికి ముందు రెండు డ్యాష్‌లు, ఒక స్పేస్ ఉన్న లైన్ పెట్టడం కూడా ఆ కాలపు అలవాటే. దాన్ని చూసి 'ఇక్కడి నుంచి సంతకం' అని సాఫ్ట్‌వేర్ గుర్తుపడుతుంది. థండర్‌బర్డ్ ఇప్పటికీ రిప్లై ఇచ్చేటప్పుడు ఆ గీత కింద ఉన్నదాన్ని తీసేస్తుంది. జీమెయిల్‌లో కనిపించే రెండు డ్యాష్‌ల రహస్యం ఇదే. అవి అక్కర్లేదనుకుంటే సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు.

తర్వాత మెయిల్ అడుగున ఉన్న చోటు విలువ కంపెనీలకు తెలిసొచ్చింది. సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి 1996 జులై 4న మొదలుపెట్టిన హాట్‌మెయిల్, బయటికి వెళ్లే ప్రతి మెయిల్ కిందా ఫ్రీ మెయిల్ తీసుకోండంటూ ఒక లైన్ పెట్టింది. వాడేవాళ్లే ప్రచారకర్తలైపోయారు. ఐఫోన్ నుంచి పంపానని చెప్పే లైన్ కూడా ఆ కోవలోదే. అది డిఫాల్ట్‌గా వచ్చే సంతకం. తీసేయొచ్చని తెలియక ఏళ్ల తరబడి ఉంచేసుకున్నవాళ్లు ఎందరో!

ఇక కంపెనీలకు ఇది ముచ్చట ఒక్కటే కాదు. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 12 ప్రకారం ప్రతి కంపెనీ తన పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్, సిన్, ఫోన్ నంబర్, ఉంటే మెయిల్, వెబ్‌సైట్ వివరాలను బిజినెస్ లెటర్లు, బిల్లులు, లెటర్ పేపర్లు, నోటీసులపై ముద్రించాలి. పాటించకపోతే రోజుకు రూ.1,000 చొప్పున రూ.లక్ష దాకా పెనాల్టీ పడుతుంది. అక్కడ మెయిల్ సంతకం అన్న మాట లేదు. అయినా మెయిల్ కూడా బిజినెస్ లెటరే అన్న లెక్కన చాలా కంపెనీలు ఈ వివరాలన్నీ సంతకంలో పెడుతున్నాయి. బ్రిటన్‌లో అయితే అనుమానమే లేదు. 2007 జనవరి 1 నుంచి బిజినెస్ మెయిల్స్‌లోనూ కంపెనీ రిజిస్ట్రేషన్ వివరాలు తప్పనిసరి.

బొమ్మగా పెడితే చిక్కులే

లెటర్‌హెడ్ మొత్తాన్ని డిజైనర్‌తో ఒక బొమ్మగా చేయించి సంతకంలో అతికించేవాళ్లు చాలామందే. ఇది అస్సలు మంచి పద్ధతి కాదు. బొమ్మలో ఉన్న ఫోన్ నంబర్‌ను నొక్కితే కాల్ వెళ్లదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. అందులో ఉన్న తప్పును ఏ స్పెల్ చెక్కూ పట్టుకోదు.

లోగో వరకు బొమ్మ పెట్టుకోవచ్చు. అందులోనూ రెండు దారులున్నాయి. మెయిల్‌లోనే కలిపి పంపితే కొన్ని యాప్‌లలో అది అటాచ్‌మెంట్‌గా కనిపిస్తుంది. రెజ్యూమే పంపారనుకుని తెరిస్తే లోగో వస్తుంది! వెబ్‌సైట్‌లో పెట్టి లింక్ ఇస్తే, డెస్క్‌టాప్ అవుట్‌లుక్ లాంటివి అనుమతి ఇచ్చేదాకా బొమ్మను చూపించవు. ఖాళీ గడి మాత్రమే కనిపిస్తుంది. వెనక రంగు లేని నల్ల లోగో డార్క్ మోడ్‌లో మాయమైపోతుంది.

డెస్క్‌టాప్ అవుట్‌లుక్ ఒక్కో సంతకాన్ని మూడు ఫైళ్లుగా దాస్తుంది. రంగులు, లోగోలతో ఒకటి, రిచ్ టెక్స్ట్ ఒకటి, ఉత్త అక్షరాలతో ఇంకొకటి. మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌లో వెళ్తే మూడోది వాడుతుంది. గడులు గీసి అందంగా సర్దిన వివరాలన్నీ అక్కడ చెల్లాచెదురవుతాయి. అందుకే ఆ మూడో రూపాన్ని కూడా ఒకసారి చూసుకోవాలి.

తెలుగులో రాస్తే పరిస్థితి ఏంటి?

తెలుగుకు స్పెల్ చెక్ లేదనుకుంటే పొరపాటే. లిబ్రె ఆఫీస్, థండర్‌బర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాడే హన్‌స్పెల్ అనే ఇంజిన్‌కు తెలుగు డిక్షనరీ ఉంది. హంగేరియన్ కోసం తయారైన ఇంజిన్ అది. ఒక మాటకు వరసగా ప్రత్యయాలు చేరడంలో హంగేరియన్‌కూ తెలుగుకూ పోలిక ఉంది. అయినా మన భాషతో వేగడం కష్టమే. ఇల్లు అన్న ఒక్క మాట ఇంటికి, ఇంట్లో, ఇంటివాళ్లతో, ఇళ్లల్లోనూ.. ఇలా మారుతూ పోతుంది. సంధి కలిస్తే రెండు పదాలు ఒకటవుతాయి. అన్ని రూపాలనూ జాబితాలో పెట్టడం కుదరదు. ఫలితంగా సరైన పదాల కింద కూడా గీతలు పడతాయి. వాటిని చూసి చూసి జనం గీతలను పట్టించుకోవడం మానేస్తారు. అసలు నష్టం అదే.

రెండు పదాలూ సరైనవే అయ్యే సమస్య తెలుగులో ఇంకా ఎక్కువ. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ప్రధానం అంటే ముఖ్యం, ప్రదానం అంటే ఇవ్వడం. అవార్డుల 'ప్రధానోత్సవం' అని ఎన్ని ఆహ్వానాల్లో కనిపిస్తుందో లెక్కే లేదు. వత్తు ఒక్కటే తేడా.

పాత అను ఫాంట్లలో డీటీపీ చేయించిన లెటర్‌హెడ్ నుంచి తెలుగు పేరు కాపీ చేస్తే మెయిల్‌లో పిచ్చి గుర్తులు వస్తాయి. అవి తెరపై తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి తెలుగు యూనికోడ్ అక్షరాలు కావు. ఆ పేరును యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయడం తప్ప దారి లేదు.

లెటర్‌హెడ్ ఉంటే అసలు మెయిలేనా?

కాదు. లెటర్‌హెడ్ సంతకం అంటే కాపీ చేసి అతికించగలిగే అక్షరాలు, ఒక బొమ్మ. అంతే. ఫేక్ జాబ్ ఆఫర్లు పంపేవాళ్లకు ముందు కావాల్సింది అదే. ఏ కంపెనీ హెచ్ఆర్ నుంచైనా ఒక్క రిప్లై వస్తే చాలు, పేరు, హోదా, లోగో, డిస్‌క్లెయిమర్ అన్నీ చేతికి వచ్చేస్తాయి. 'మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఈసారి పేమెంట్ ఇందులో వేయండి' అంటూ వ్యాపారులకు వచ్చే మోసపు మెయిల్స్‌లోనూ సంతకం అచ్చు అసలుదానిలాగే ఉంటుంది. స్పెల్లింగ్ తప్పులుంటే ఫేక్ అనే పాత గుర్తు కూడా ఇప్పుడు పనికిరాదు. స్పెల్ చెక్ వాళ్ల దగ్గరా ఉంది కదా!

చూడాల్సింది పైన ఉన్న అడ్రస్‌ను. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకుంటే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు పరీక్షల్లో పాస్ అయిందో లేదో కనిపిస్తుంది. ఆ మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అన్నది వీటితో తెలుస్తుంది. పాస్ అయినా డొమైన్ పేరును అక్షరం అక్షరం చదవాలి. ఒక్క అక్షరం తేడాతో కొన్న డొమైన్ కూడా దర్జాగా పాస్ అవుతుంది. ఐటీ చట్టం 2000 గుర్తించే డిజిటల్ సంతకం వేరే. దానికి లైసెన్స్ ఉన్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. పేరు కింద పెట్టే సంతకానికీ దానికీ సంబంధం లేదు.

అకౌంట్ మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్ కింద ఉన్న నంబర్‌కు కాకుండా పాత బిల్లుపై ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి. డబ్బు వెళ్లిపోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయాలి.

ఎక్కడ మార్చుకోవాలంటే..

కంప్యూటర్‌లో జీమెయిల్ అయితే గేర్ గుర్తు నొక్కి 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్లాలి. జనరల్ ట్యాబ్‌లోనే స్పెల్లింగ్, గ్రామర్, ఆటోకరెక్ట్, సిగ్నేచర్ అన్నీ ఉంటాయి. సంతకాలు ఒకటి కన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. కొత్త మెయిల్‌కు పూర్తి లెటర్‌హెడ్, రిప్లైలకు పేరు, నంబర్‌తో చిన్న సంతకం అని విడిగా ఎంచుకుంటే పది రిప్లైల తర్వాత మెయిల్ చాంతాడంత కాకుండా ఉంటుంది. చివరన 'సేవ్ చేంజెస్' నొక్కడం మర్చిపోవద్దు. చాలామంది చేసిన మార్పు పోయేది అక్కడే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ ఎంచుకుంటే 'మొబైల్ సిగ్నేచర్' కనిపిస్తుంది. ఇందులో ఉత్త అక్షరాలే పడతాయి, లోగోలు కుదరవు. కంప్యూటర్‌లో కొత్త హోదా పెట్టుకుని ఫోన్ నుంచి పాత హోదాతో మెయిల్స్ పంపడం ఇలాగే జరుగుతుంది. మొబైల్ సంతకం పెట్టుకుని ఉంటే దాన్ని కూడా మార్చాలి.

డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్తే పంపే ముందు ప్రతిసారీ స్పెల్లింగ్ చూసే ఆప్షన్ ఉంది. సంతకం తయారుచేసే రోజు మాత్రం పక్కనే ఉన్న స్పెల్లింగ్ సెట్టింగ్స్‌లో క్యాపిటల్ లెటర్ల టిక్ తీసేసి, సంతకాన్ని ఖాళీ మెయిల్‌లో పెట్టి ఎఫ్7 నొక్కి చూడండి. తర్వాత టిక్ మళ్లీ పెట్టేసుకోవచ్చు. అంకెలను మాత్రం జీఎస్టీ సర్టిఫికెట్, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని ఇంకొకరితో పైకి చదివించి సరిచూసుకోవాలి. ఆ తర్వాత సొంత మెయిల్‌కే ఒకటి పంపుకుని ఫోన్‌లో తెరిచి, నంబర్ నొక్కితే కాల్ వెళ్తోందో లేదో కూడా చూడాలి.

జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే 'అండూ సెండ్' గడువు మామూలుగా 5 సెకన్లే. అదే జనరల్ ట్యాబ్‌లో దాన్ని 30 సెకన్లకు పెంచుకోవచ్చు. తప్పు పేరు, తప్పు అటాచ్‌మెంట్ లాంటివి గుర్తొచ్చేది సరిగ్గా సెండ్ నొక్కిన మరుక్షణంలోనే కాబట్టి, ఈ ఒక్క సెట్టింగ్ ఇప్పుడే మార్చుకున్నా చాలా ఉపయోగం.